పంచింగ్ బ్యాగ్‌కు డిజైన్, పేటెంట్ పరిశీలన: హైదరాబాద్ తయారీదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

బాలానగర్ షెడ్లలో ఇనుప చట్రాలు వెల్డింగ్ చేసేవారు, బేగంబజార్‌లో రెక్సిన్ కొని ఇంటి దగ్గర కుట్టించేవారు, పిల్లలకు బాక్సింగ్ నేర్పుతూ తమకు కావలసిన బ్యాగును తామే తయారు చేసుకునే కోచ్‌లు నా దగ్గరకు వస్తుంటారు. కొంచెం అటూ ఇటూగా అందరి ప్రశ్నలూ ఒకటే. నేను పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. మంచి ఆలోచన ఆరు నెలలు ఆలస్యంగా నా బల్ల మీదికి రావడం చాలాసార్లు చూశాను. అప్పుడు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఇంకొకరికి ఆ పరిస్థితి రాకూడదని ఈ ప్రశ్నలూ జవాబులూ రాసి పెడుతున్నాను.

కొత్త పంచింగ్ బ్యాగ్ తయారు చేశాను. పేటెంట్ తీసుకోవాలా, డిజైన్ రిజిస్టర్ చేయించాలా?

మీ బ్యాగులో కొత్తది ఏమిటో ముందు ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం కంటికి కనబడే రూపం గురించి అయితే డిజైన్ రిజిస్ట్రేషన్. అది పనిచేసే తీరు గురించి అయితే పేటెంట్.

ఉదాహరణకు, గుమ్మడికాయ మీద ఉండే గాడుల్లాంటివి నిలువునా ఉన్న బ్యాగ్ కుట్టారు అనుకుందాం. ఇంతవరకూ అలాంటి రూపం ఎవరూ చేయలేదు, చూడగానే మీ బ్యాగ్ అని తెలుస్తుంది. ఇది డిజైన్. అదే గాడుల మధ్య ఉబ్బుల్లో గాలి అరలు పెట్టి, దెబ్బ పడినప్పుడు గాలి ఒక అర నుంచి మరో అరలోకి వెళ్లి మణికట్టు మీద భారం తగ్గేలా చేశారనుకోండి. ఇది పేటెంట్ సంగతి. డిజైన్ల చట్టం, 2000 ఆకారం, అమరిక, నగిషీ, అలంకరణ, గీతలూ రంగుల కూర్పును మాత్రమే కాపాడుతుంది. నిర్మాణ సూత్రానికీ, కేవలం యంత్ర భాగమైన దానికీ ఆ చట్టంలో చోటు లేదు. గాడులు పూర్తిగా గాలి అరల కోసమే ఆ రూపంలో ఉన్నాయని, ఇంకో రూపంలో ఉండటానికి వీల్లేదని తేలితే డిజైన్ నిలబడటం కష్టం.

రెండూ ఉంటే రెండు దరఖాస్తులూ వేయవచ్చు. కానీ ముందు పేటెంట్ వేయండి, లేదా రెండూ ఒకే రోజు వేయండి. డిజైన్ త్వరగా రిజిస్టరై, బొమ్మలతో సహా అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఆ తరువాత మీరు పేటెంట్‌కు వెళితే మీ బొమ్మలే మీకు అడ్డం తగులుతాయి. పొదుపు కోసం ఒకటి ఇప్పుడు, ఒకటి వచ్చే ఏడాది అనుకునేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఇది.

‘డిజైన్ పేటెంట్’ అని విన్నాను. అది మన దగ్గర ఉందా?

లేదు. అది అమెరికా మాట. అక్కడ వస్తువు రూపానికి ఇచ్చే హక్కును కూడా పేటెంట్ అనే అంటారు. 2015 మే 13 నుంచి వేసిన దరఖాస్తులకు, మంజూరైన నాటి నుంచి 15 ఏళ్లు అది చెల్లుతుంది. మన దేశంలో పేటెంట్ల చట్టం, 1970 వేరు, డిజైన్ల చట్టం వేరు. దరఖాస్తు ఫారాలు, రుసుములు, గడువులు, పరిశీలన అన్నీ వేరువేరు. అమెరికా గురించి చదివిన వ్యాసాన్ని పట్టుకుని ఇక్కడ దరఖాస్తు వేయకండి.

పంచింగ్ బ్యాగ్ ఎప్పటి నుంచో ఉన్నదే కదా, ఇంకా కొత్తదనం ఏముంటుంది?

ఉంటుంది, అయితే అది ఎక్కడుందో కచ్చితంగా చూపించాలి. మామూలు గొట్టం ఆకారం, పైన సన్నగా కింద బొద్దుగా ఉండే నీటిచుక్క ఆకారం, కాలి దెబ్బల కోసం నేల దాకా దిగే పొడవాటి ‘బనానా’ బ్యాగ్, పైనా కిందా తాళ్లతో లాగి కట్టే బంతి, గోడకు బిగించేది, అడుగున నీళ్లో ఇసుకో నింపి నిలబెట్టేది అన్నీ లోకానికి తెలిసినవే. వాటిలో ఒకదాన్ని పొడుగు చేసి, రంగు మార్చి, సంస్థ పేరు అచ్చు వేసి కొత్త డిజైన్ అంటే ఒప్పుకోరు.

డిజైన్ చట్టంలో సెక్షన్ 4 రెండు వేర్వేరు పరీక్షలు పెడుతుంది. మొదటిది, సరిగ్గా అదే రూపం దరఖాస్తు తేదీకి ముందు మన దేశంలో గానీ మరే దేశంలో గానీ బయటపడి ఉండకూడదు. రెండోది, తెలిసిన డిజైన్ల నుంచి, వాటి కలయికల నుంచి కూడా అది గుర్తించదగినంత వేరుగా ఉండాలి. చాలామంది మొదటిదే గుర్తుపెట్టుకుంటారు. ‘ఇలాంటిది ఎక్కడా దొరకదు సార్’ అంటారు. నిజమే కావచ్చు. కానీ నీటిచుక్క బ్యాగుకు గోడ బ్యాగు వీపు అతికించినట్టు కనబడితే రెండో పరీక్షలో ఆగిపోతుంది.

పేటెంట్‌కు వచ్చేసరికి కొత్తదనంతో పాటు ‘ఆవిష్కరణ మెట్టు’ కూడా కావాలి. అంటే ఆ వృత్తి తెలిసిన మామూలు పనివాడికి, పాత పత్రాలన్నీ ముందు పెట్టినా, సులువుగా తట్టని విషయమై ఉండాలి.

ఇప్పటికే నుమాయిష్‌లో స్టాలు పెట్టి అమ్మాను. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో కూడా ఉంది. ఇప్పుడు దరఖాస్తు వేయవచ్చా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అడిగేవారు దాదాపు ఎప్పుడూ బాగా కష్టపడి చేసినవారే. ఏటా సాధారణంగా జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శన మొదలవుతుంది. ఆ లోపు సరుకు సిద్ధం చేయాలనే హడావిడిలో దరఖాస్తు సంగతి ‘తరువాత చూద్దాం’ అయిపోతుంది. స్టాలులో వేలాడదీసిన క్షణం నుంచి ఆ రూపం జనం ముందున్నట్టే లెక్క. మీరే చూపించినా, మీ సొంత వస్తువే అయినా తేడా లేదు.

ప్రదర్శనలకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజం. డిజైన్ల చట్టం సెక్షన్ 21 కింద ముందుగానే కంట్రోలర్‌కు (దరఖాస్తుల మీద నిర్ణయం తీసుకునే అధికారికి) నోటీసు ఇచ్చి, మొదట ప్రదర్శించిన నాటి నుంచి ఆరు నెలల లోపు దరఖాస్తు వేయాలి. పేటెంట్ చట్టం సెక్షన్ 31 కింద పన్నెండు నెలలు ఇస్తారు. అయితే రెండింటిలోనూ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్ ద్వారా గుర్తించిన ప్రదర్శన అయి ఉండాలి. మీ ప్రదర్శనకు అలాంటి నోటిఫికేషన్ ఉందో లేదో చూడకుండా ఈ మినహాయింపు మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంటుందని చదివి, ఇక్కడా ఉంటుందనుకుని వచ్చినవారు ఉన్నారు. మన చట్టం అంత ఉదారంగా లేదు.

వీడియో సంగతి ఇంకా స్పష్టం. ఇంటర్నెట్‌లో తేదీతో సహా పడి ఉన్న బొమ్మ పరిశీలకుడికీ కనబడుతుంది, రేపు మీ మీద కేసులో ఎదుటివారికీ కనబడుతుంది. క్రాక్స్ చెప్పుల డిజైన్ మీద నడిచిన కేసులో 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ సంస్థకు మధ్యంతర నిషేధ ఉత్తర్వు ఇవ్వలేదు. రిజిస్ట్రేషన్ కంటే ముందే అలాంటి చెప్పు వేరొక వెబ్‌సైటులో కనబడటం అందుకు ఒక ముఖ్య కారణం. రిజిస్ట్రేషన్ పత్రం చేతిలో ఉన్నా పాత బొమ్మ దాన్ని పడగొట్టగలదు.

ఇంకా చూపించనివారు ఉంటే, కోచ్‌కైనా కుట్టేవాడికైనా పెట్టుబడి పెట్టేవాడికైనా గోప్యత కాగితం మీద సంతకం తీసుకున్నాకే చూపించండి. నమ్మి చూపించినవారు మాట తప్పి బయటపెడితే డిజైన్ల చట్టం సెక్షన్ 16 మీకు అండగా ఉంటుంది. నమ్మి చూపించారనడానికి రుజువు మాత్రం మీ దగ్గర ఉండాలి. ఇప్పటికే బయట పెట్టినవారికి ఒక దారి మిగులుతుంది. ఆ తరువాత బ్యాగులో నిజంగా చేసిన మార్పు ఏదైనా ఉంటే, ఆ మార్పుకే కొత్త దరఖాస్తు వేయడం.

దరఖాస్తుకు ముందు ఎక్కడ వెతకాలి?

డిజైన్ల అంతర్జాతీయ వర్గీకరణ అయిన లొకార్నోలో క్రీడా పరికరాలు 21వ తరగతిలో, 02 ఉపతరగతిలో వస్తాయి. పేటెంట్ కార్యాలయపు వెబ్‌సైటులోని డిజైన్ల శోధనలో ఈ సంఖ్య వేసి చూడండి. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే గ్లోబల్ డిజైన్ డేటాబేస్‌లో విదేశీ డిజైన్లు దొరుకుతాయి. పేటెంట్ల వర్గీకరణలో దెబ్బలు కొట్టే బంతులు, బ్యాగులు ఏ63బీ 69/20 దగ్గర మొదలవుతాయి. దెబ్బను కొలిచి చూపించేవి 69/32లో, మనిషి ఆకారపు డమ్మీలు 69/34లో ఉంటాయి. ఆ సంఖ్యలతో మన పేటెంట్ కార్యాలయపు ఇన్‌పాస్‌లో, ఎస్పాస్‌నెట్‌లో, గూగుల్ పేటెంట్స్‌లో వెతకండి. ‘పంచింగ్ బ్యాగ్’ అనే మాటతో మాత్రమే వెతికితే సగం తప్పిపోతాయి. ఒకరు దాన్ని ‘కొట్టు పరికరం’ అని రాస్తారు, ఇంకొకరు ‘శిక్షణ సాధనం’ అంటారు.

పేటెంట్లతో ఆగకండి. ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మే బ్యాగుల ఫొటోలు కూడా పాత సమాచారమే. పరిశీలకుడు అక్కడా చూస్తాడు. రెండు సాయంత్రాలు ఈ పనికి ఇవ్వండి.

డిజైన్ దరఖాస్తుకు బొమ్మలు ఎలా ఉండాలి?

ఈ ఒక్క విషయంలో చూపించే శ్రద్ధ మీ హక్కును నిలబెడుతుంది, లేదా కూలుస్తుంది. డిజైన్ చట్టంలో మీ సొంతమయ్యేది ఆ బొమ్మల్లో కనబడేదే. అందులో లేనిది మీది కాదు.

సాధారణంగా ఏడు బొమ్మలు ఇస్తారు. ముందు, వెనుక, ఎడమ, కుడి, పైనుంచి, కింద నుంచి, ఒకటి కోణంలో. ఒకసారి ఒక తయారీదారు తెచ్చిన ఏడు ఫొటోలను నా బల్ల మీద వరుసగా పేర్చాను. ముందు నుంచి తీసిన దానిలో నాలుగు గొలుసులు పైన కొక్కెంలో కలుస్తున్నాయి. పైనుంచి తీసిన దానిలో మూడే రింగులు ఉన్నాయి. నాలుగో రింగు కుట్టు ఆ రోజే ఊడిపోయిందట, దాన్ని లోపలికి మడిచి ఫొటో తీశారు. అడుగు భాగం చూపించడానికి బ్యాగును నేల మీద పడుకోబెట్టారు. లోపలి గుడ్డ పీలికలు ఒక పక్కకు జారి, గుండ్రంగా ఉండవలసిన అడుగు కోడిగుడ్డులా కనబడుతోంది. ఎడమ వైపు ఫొటోలో సంస్థ స్టిక్కరు ఉంది, కుడి వైపు లేదు. ఏడు ఫొటోలూ కలిపి చూస్తే మూడు వేర్వేరు బ్యాగులు. అలాగే పంపి ఉంటే బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని అభ్యంతరం వచ్చేది. బ్యాగును మళ్లీ నింపించి, వేలాడదీసి, తెల్లని గుడ్డ వెనుక కట్టి, ఒకే వెలుతురులో మళ్లీ తీయించాం. అడుగు భాగానికి కెమెరాను నేల మీద పెట్టాల్సి వచ్చింది. ఒక రోజంతా పట్టింది, ఆ రోజు వృథా కాలేదు.

గీసిన బొమ్మలైనా ఇవ్వవచ్చు, ఫొటోలైనా ఇవ్వవచ్చు. రెండూ కలపకండి. కొలతలు, బాణం గుర్తులు, లోపలి కోత, నింపే సామగ్రి పేరు రాయకండి. ప్రతి పుటలో ఏ వైపు బొమ్మో రాయాలి, కొత్తదనం ఎక్కడుందో చెప్పే ఒక ప్రకటన ఉండాలి. కొత్తదనం మొత్తం ఆకారంలో ఉంటే ‘ఆకారంలో, అమరికలో’ అని, రెక్సిన్ మీది నగిషీలో ఉంటే ‘ఉపరితల నగిషీలో’ అని రాయాలి. గాడులే కొత్తవైతే అక్కడికే పరిమితం చేసి చెప్పండి. దాని కింద, బొమ్మలో కనబడే అక్షరాల మీద గానీ యాంత్రిక పనితీరు మీద గానీ హక్కు కోరడం లేదనే మాట చేర్చాలి.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? హైదరాబాద్‌లో కార్యాలయం ఉందా?

పేటెంట్ కార్యాలయాలు కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలలో ఉన్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ చెన్నై పరిధిలోకి వస్తాయి. ఆ కార్యాలయం గిండీలో ఉంది. ఆన్‌లైన్‌లో ఇక్కడి నుంచే వేయవచ్చు, పేటెంట్ దరఖాస్తు కాగితం మీద వేస్తే రుసుము పది శాతం ఎక్కువ. డిజైన్ దరఖాస్తులు ఎక్కడి నుంచి వేసినా పరిశీలన కోల్‌కతాలోనే.

డిజైన్ పరిశీలనలో ఏమి చూస్తారు? ఎంత గడువు ఉంటుంది?

డిజైన్‌కు పరిశీలన చేయమని విడిగా అడగనక్కరలేదు, దరఖాస్తుతోనే మొదలవుతుంది. బొమ్మలు సరిగా ఉన్నాయా, తరగతి సరైనదేనా, ఇది డిజైన్ నిర్వచనంలోకి వస్తుందా, కొత్తదేనా అని చూసి అభ్యంతరాలు పంపుతారు.

గడువు దగ్గర ఒక మెలిక ఉంది. అభ్యంతరాలన్నీ తీర్చడానికి ఉండే ఆరు నెలలు దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్క, మీకు ఉత్తరం వచ్చిన రోజు నుంచి కాదు. ఉత్తరం నాలుగో నెలలో వస్తే మీ చేతిలో రెండు నెలలే మిగులుతాయి. అడిగి రుసుము కడితే ఇంకో మూడు నెలల వరకు పొడిగిస్తారు. ఆ పైన దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. అందుకే దరఖాస్తులో ఇచ్చే ఈమెయిల్ మీరు రోజూ చూసేదై ఉండాలి.

రిజిస్టరైతే హక్కు దరఖాస్తు తేదీ నుంచే పది ఏళ్లు. గడువు లోపు రుసుము కట్టి ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

పేటెంట్ పరిశీలన ఎలా నడుస్తుంది?

దరఖాస్తు వేసినంత మాత్రాన ఎవరూ దాన్ని తెరవరు. ఫారం 18తో పరిశీలన కోరాలి. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు ఈ గడువు 31 నెలలు, అంతకుముందు 48 ఉండేది. పాత లెక్క గుర్తుపెట్టుకుని ఆగినవారి దరఖాస్తు చచ్చిపోతుంది. పద్దెనిమిది నెలలకు దరఖాస్తు జర్నల్‌లో అచ్చవుతుంది. కోరిక అందాక పరిశీలకుడు పాత పత్రాలు వెతికి తొలి పరిశీలన నివేదిక పంపుతాడు. దానికి ఆరు నెలల లోపు జవాబివ్వాలి, అడిగితే మరో మూడు నెలలు దొరుకుతాయి.

ఆ నివేదిక చూసి భయపడకండి. దాదాపు ప్రతి దరఖాస్తుకూ అభ్యంతరాలు వస్తాయి. అది తిరస్కారం కాదు, సంభాషణకు మొదలు.

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. నాలుగో అంతస్తులో బ్యాగును కొడుతుంటే మూడో అంతస్తు పైకప్పు దడదడలాడుతోంది. మీరు గొలుసుకూ పైకప్పు కొక్కేనికీ మధ్య ఒక స్ప్రింగు, రబ్బరు బిళ్ల ఉన్న భాగం పెట్టి ఆ అదురు తగ్గించారు. ‘స్ప్రింగుతో వేలాడదీసిన పంచింగ్ బ్యాగ్’ అని క్లెయిము, అంటే మీరు హక్కు కోరే వాక్యం, రాశారు. నివేదికలో రెండు పత్రాలు చూపిస్తారు. ఒకటి స్ప్రింగుతో వేలాడే బ్యాగ్, రెండోది యంత్రాల కింద పెట్టే రబ్బరు బిళ్ల. రెండూ కలపడం ఎవరికైనా తడుతుంది కనుక ఆవిష్కరణ మెట్టు లేదంటారు. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టడం మాత్రమేనని సెక్షన్ 3(ఎఫ్) కూడా ఉదహరించవచ్చు.

‘వాళ్లది వేరు, మాది వేరు’ అంటే జవాబు కాదు. మీ స్ప్రింగు బ్యాగు బరువుతో కిందికి సాగినప్పుడు రబ్బరు బిళ్లను పక్కల నుంచి నొక్కుతుందనీ, దానివల్ల కిందికి వచ్చే కుదుపే కాదు పక్కకు ఊగే కుదుపు కూడా తగ్గుతుందనీ, ఆ రెండు పత్రాల్లో దేనిలోనూ ఆ నొక్కుడు లేదనీ చూపాలి. క్లెయిమును ఆ అమరిక వరకు కుదించాలి. కొలిచిన లెక్కలు ఉంటే జతచేయాలి.

ఇక్కడే మొదటి రోజు రాసిన స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) విలువ తెలుస్తుంది. సెక్షన్ 59 ప్రకారం, మొదట రాసినదానిలో లేని విషయాన్ని తరువాత చేర్చడానికి వీల్లేదు. రబ్బరును పక్కల నుంచి నొక్కే సంగతి మీరు అప్పుడు రాయకపోతే, ఇప్పుడు అది ఎంత నిజమైనా పనికిరాదు. ‘రహస్యం అంతా రాసేస్తే ఎలా’ అని దాచుకున్నవారు ఈ మెట్టు దగ్గరే ఓడిపోతారు. పేటెంట్ అంటే మొత్తం చెప్పి, బదులుగా ఇరవై ఏళ్ల హక్కు తీసుకోవడం. ఆ ఇరవై ఏళ్లూ నిలవడానికి మూడో ఏడాది నుంచి రుసుములు కడుతుండాలి.

నా బ్యాగులో సెన్సర్లు ఉన్నాయి, ఫోనులో దెబ్బల లెక్క చూపిస్తుంది. దీనికి పేటెంట్ వస్తుందా?

రావచ్చు. క్లెయిము ఎక్కడ మొదలవుతుందన్నదే ముఖ్యం. ఫోను యాప్ మీద, లెక్క కట్టే సూత్రం మీద రాస్తే సెక్షన్ 3(కె) కింద కంప్యూటర్ ప్రోగ్రాం అంటారు. ‘రెండు జాబ్‌లు, ఒక క్రాస్, ఒక హుక్’ అని దెబ్బల వరుస చెప్పే శిక్షణ పద్ధతి మీద రాస్తే సెక్షన్ 3(ఎం) కింద ఆట ఆడే పద్ధతి అంటారు. సెన్సరు బ్యాగు లోపల ఏ పొర మధ్య ఉంది, ఇసుక గుండు దాన్ని చితకకుండా ఏది కాపాడుతోంది, దెబ్బ కోణాన్ని ఎలా పట్టుకుంటోంది అనే భౌతిక విషయాల మీద క్లెయిము నిలబెట్టండి.

విచారణకు చెన్నై వెళ్లాలా?

చాలావరకు అవసరం ఉండదు, వీడియో ద్వారా జరుగుతున్నాయి. మీ జవాబుతో కంట్రోలర్ తృప్తి పడకపోతే నోటీసు ఇచ్చి వింటారు. విచారణ తరువాత పదిహేను రోజుల్లో రాతపూర్వక వాదన ఇవ్వాలి. తయారు చేసిన మనిషి పక్కన కూర్చుంటే మంచిది. ‘ఈ కుట్టు ఎందుకు లోపలికి మడిచారు’ అని అడిగితే నాకంటే మీరే బాగా చెబుతారు. తిరస్కరిస్తే హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీళ్లు వినే బోర్డు 2021లో రద్దయింది.

ఖర్చు ఎంత?

వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలకు డిజైన్ దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు, ఇతరులకు 4,000. పేటెంట్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో 1,600, ఇతరులకు 8,000. పరిశీలన కోరడానికి 4,000, ఇతరులకు 20,000. ముప్పై పుటలు, పది క్లెయిములు దాటితే అదనం. ఏజెంటు రుసుము వేరు, ముందే కాగితం మీద రాయించుకోండి.

పరిశీలన త్వరగా జరిపించుకోవచ్చా?

పేటెంట్‌కు వీలుంది. ఫారం 18ఎ వేయాలి, వ్యక్తులకూ చిన్న సంస్థలకూ రుసుము 8,000 రూపాయలు. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు దీనికి అర్హులు. దరఖాస్తుదారుల్లో ఒక్కరైనా మహిళ అయితే వ్యక్తులకూ వర్తిస్తుంది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచారు. ఆ తరువాత నా దగ్గరకు వచ్చే కోచ్‌లలో ఆడవారు కనబడుతున్నారు. వాళ్లకు ఈ దారి ఉందని చాలామందికి తెలియదు. అయితే వేగం కోసం ఇంట్లో ఆడవారి పేరు ఊరికే చేర్చకండి. దరఖాస్తుదారు అంటే హక్కులో భాగస్వామి.

డిజైన్ నాది, కుట్టి రూపం దిద్దింది వేరొకరు. హక్కు ఎవరిది?

డబ్బిచ్చి మీ కోసం చేయించుకుంటే డిజైన్ యజమాని మీరే అని డిజైన్ల చట్టం చెబుతుంది. డబ్బిచ్చారని చూపించే కాగితం మాత్రం ఉండాలి. పేటెంట్‌లో అలా కాదు. నిజంగా ఆలోచించినవారి పేరు ఆవిష్కర్తగా ఉండాల్సిందే, వారి నుంచి హక్కు మీకు బదిలీ కావాలి. గాలి అరల ఉపాయం చెప్పింది మీ దర్జీ అయితే, ఆయన పేరు రాయండి. అది న్యాయం కూడా.

రిజిస్టర్ చేయించకపోయినా కాపీరైట్ కాపాడదా?

కాపాడదు. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 15(2) ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయగలిగి చేయించనిదాన్ని ఫ్యాక్టరీ పద్ధతిలో యాభై సార్లకు మించి తయారు చేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. యాభై బ్యాగులు అంటే రెండు మూడు జిమ్‌ల ఆర్డరు.

నా బ్యాగును నకలు చేసి అమ్ముతున్నారు. ఏమి చేయాలి?

ముందు మీ సొంత సరుకు చూసుకోండి. రిజిస్టరైన డిజైన్ అని, సంఖ్యతో సహా బ్యాగు మీద గుర్తు వేయాలని డిజైన్ల చట్టం సెక్షన్ 15 చెబుతుంది. వేయకపోతే నష్టపరిహారం రాబట్టడం కష్టమవుతుంది. రెక్సిన్ మీద అచ్చు చెరిగిపోతుంది కనుక, పై అంచు లోపల కుట్టే గుడ్డ చీటీ మీద వేయించండి.

సెక్షన్ 22 కింద ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయల వరకు, ఒక డిజైన్ మీద మొత్తం 50,000 వరకు రాబట్టవచ్చు. లేదా నష్టపరిహారం, నిషేధ ఉత్తర్వు కోరుతూ దావా వేయవచ్చు. చిన్న తయారీదారుకు నిజంగా పనికొచ్చేది ఈ రెండోదే. దావా జిల్లా జడ్జి స్థాయికి తక్కువ కాని కోర్టులో వేయాలి. ఎదుటివారు ‘ఆ డిజైన్ కొత్తదే కాదు’ అని ఎదురు తిరిగితే కేసు హైకోర్టుకు మారుతుంది. మన హైదరాబాద్ సంస్థ మోల్డ్‌టెక్ ప్యాకేజింగ్ డబ్బాల డిజైన్ మీద ఇండోర్‌లో వేసిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. అందుకే నోటీసు పంపే ముందే, మీ డిజైన్ మీద మీరే శత్రువులా మరోసారి వెతికి చూసుకోండి.

విదేశాల్లో కూడా కావాలంటే?

ఇక్కడ వేసిన తేదీ నుంచి డిజైన్‌కు ఆరు నెలలు, పేటెంట్‌కు పన్నెండు నెలల లోపు ఆయా దేశాల్లో వేస్తే ఇక్కడి తేదీయే లెక్కకు వస్తుంది. ఇక్కడ ఉంటూ పేటెంట్‌ను ముందుగా విదేశంలో వేయాలంటే సెక్షన్ 39 కింద అనుమతి కావాలి. లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి.

ఏజెంటు లేకుండా నేనే వేసుకోవచ్చా? వస్తే ఏమి తెచ్చుకోవాలి?

మీరే వేసుకోవచ్చు, చట్టం అడ్డుకోదు. డిజైన్ అయితే ఓపిక ఉన్నవారు బాగానే చేసుకుంటారు. పేటెంట్ క్లెయిములు మాత్రం రాయడం వచ్చినవారితో రాయించండి.

ఎవరి దగ్గరకు వెళ్లినా బ్యాగును వెంట తీసుకెళ్లండి. యాభై కిలోలు మోయలేకపోతే లోపలి సరుకు తీసేసి తొడుగు, గొలుసు, కొక్కెం తెచ్చుకోండి. కత్తిరించిన అట్ట నమూనాలు, చెడిపోయిన మొదటి రెండు మూడు బ్యాగులు, రెక్సిన్ కొన్న బిల్లులు, ఎవరెవరికి ఎప్పుడు చూపించారో తేదీలతో రాసిన చీటీ పెట్టుకోండి. చెడిపోయిన బ్యాగులు చాలామంది పారేస్తారు. కుట్టు ఎక్కడ తెగిందో, మీరు దాన్ని ఎలా మార్చారో వాటిలోనే కనబడుతుంది. స్పెసిఫికేషన్ రాసేవారికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.